ఎనభై ఏడో వంతు

జుమ్మేరాత్ బజార్ల పాత మిక్సీ గిన్నెల నడుమ
దొరికింది మొదటి డబ్బ.
చక్రాలు రెండే ఉన్నయి. కొక్కెం విరిగింది.
"జర్మన్ మాల్, మాస్టర్" అన్నడు ముజీబ్.
ఆయనకెట్ల తెలిసెనో,
అడుగున అచ్చుపోసిన అక్షరాలు
భూతద్దం పెట్టినా నాకు అంతువట్టలే.
నూటయాభై అడిగిండు. ఇచ్చిన.
బేరమాడలేదని బాలమణి
మూడు దినాలు నా చాయ్‌ల చక్కెర మరిచింది.

ముప్పయొక్క ఏండ్లు లాలాగూడ వర్క్‌షాపుల
బెర్తులకు రెక్సిన్ కుట్టినోణ్ణి.
ముందుగాల ఆకుపచ్చ, తర్వాత నీలం.
బ్లేడుతోని ఎవడో పేరు చెక్కుతడు,
ఎవరి పసిపిల్లనో పాలు కక్కుతది,
చింపి, పీచు దులిపి, మల్ల కుట్టాలె.
నా సీట్ల మీద కూసోని ఎంత దేశం పోయిందో,
నేను కాజీపేట దాటింది తక్కువ.
రిటైరయ్యే ముందు ఏడు
షెడ్డుల జర్మన్ నమూనా డబ్బలొచ్చినయి.
సీటు విప్పబోతే నా పానాకు ఒక్క నట్టు పట్టలే.
ఆ రోజు సద్ది గిన్నె మూత తియ్యకుంటనే ఇంటికొచ్చిన.

ఇప్పుడు మెట్టుగూడల, మిద్దె మీది రేకుల అర్రల,
ప్లైవుడ్ బల్ల మీద ఆరు డబ్బలు, ఎర్ర ఇంజను.
ఒక్కో డబ్బ జానెడు మీద నాలుగు వేళ్ళు.
మూడు వెండివి. కిటికీల కింద రేకు మీద
గుండ్రం గుండ్రంగ గీకిన మెరుపు,
అక్కడోళ్ళు దాన్ని నెమలికన్ను అంటరట.
అసలు డబ్బల స్టీలును అట్ల రుద్దినోడెవడో
వాని మొఖం నాకు తెలువదు,
చెయ్యి తెలుసు.
షిఫ్టు దిగినంక చాయ్ గ్లాసు పట్టుకుంటే
వణికే చెయ్యి.

ఎనభై ఏడో వంతు. అంతా ఎనభై ఏడో వంతు.
ఆ లెక్కల నేను రెండు సెంటీమీటర్లు గూడ లేను.
నా కుట్టయితే దుమ్ము కన్న సన్నం.
లోపలి సీట్లు ఒకే ప్లాస్టిక్ ముద్ద, కుట్టే లేదు.
చూస్తుంటే బొటనవేలు జివ్వుమంటది,
ఎప్పుడో సూది దిగిన చోట.

మూల మలుపు ఇరుకు. పొడుగు డబ్బ
భుజం విసురుకుంట పోయి గోడకు గీసుకుంటది.
సున్నం రాలుతది. ఉలి తెచ్చి
గోడనే రెండు వేళ్ళ లోతు చెక్కిన.
ఇంటాయన రాజమల్లయ్య ఆ గుంత చూసి
"ఇదేంది, పావురం గూడా?" అన్నడు.
"స్టేషన్" అన్న.
కిరాయి రెండు వందలు పెంచిండు.
స్టేషన్‌కు తక్కువే.

ఉత్త డబ్బలు తిరుగుతుంటే మాత్రం
చావింటికి బయలెల్లినట్టు ఉండేది.
జర్మనీ బొమ్మమనుషులు ఆరుగురి ధర
మా ఇంటి నెల కరెంటు బిల్లు.
చిలకలగూడల పండ్ల ల్యాబుల పనిజేసే ఎస్తేర్,
మా ఫిట్టర్ డేవిడ్ బిడ్డ,
కట్టుడుపండ్ల మైనంతోని నలుగురిని చేసి
అగ్గిపెట్టెల పండుకోబెట్టి తెచ్చింది.
ఒకామె తలమీద కొంగు.
ఒకాయన ఒళ్ళె టిఫిన్ గిన్నె.
ఒక పోరడు, కిటికీకి ముక్కు ఆనిచ్చి.
నాలుగోవాణ్ణి చూసి "వీడెవడు?" అంటే
"నువ్వే మామా, టికెట్ లేకుంట" అన్నది.

నిన్న రాత్రి వాన. కరెంటు పోయింది.
మెట్టుగూడ మెట్టుగూడంత గుడ్డిదైంది.
రైలు ఎక్కడిదక్కడ నిలబడ్డది,
కాని వెండిడబ్బ కిటికీలు ఆరలే.
లోపల చింతగింజంత కెపాసిటర్, నేనే అతికిచ్చిన,
దాసుకున్నది పంచుతున్నది.
బాలమణి కొవ్వొత్తి పట్టుకోని మెట్లెక్కొచ్చింది,
ఎలిగియ్యక, వంగి చూసింది.
"అందరు మంచిగ కూసున్నరు" అన్నది.
లెక్కపెట్టిన. పదకొండు సెకన్లు.

ఆనెంక చీకట్ల ఆమె గొంతు:
"నడుమల ఆపినవేంది,
వాళ్ళ ఊరు రాలేదు గదా."

తడుముకుంట, ఇంజను కొసను
ఒక్క వేలితోని నూకిన.
మూలకాడ మల్ల గీసుకున్నది.
పొద్దున ఇంకో నూలు మందం చెక్కాలె.