ఒక ముడి, రెండు ముడులు

చుట్టుగుంట దాటేసరికే స్కూటీ అద్దం మీద
మిరప దుమ్ము పల్చగా కూర్చుంటుంది.
యార్డులో పదకొండో కొట్టు.
అక్కడ పాత బిల్లుల కట్టలు దింపించి
కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి నేను,
తుమ్ముకుంటూ.

గుమస్తా నాగుల్ మీరా గారిది ముప్పై రెండేళ్ల కొలువు.
కాయను పిడికిట్లో పట్టి చెవి దగ్గర ఆడిస్తాడు.
గింజ గలగలమంటే ఆరిన కాయ,
నోరు మెదపకపోతే నెమ్ము.
తొడిమ విరిచి వాసన చూసి
"తేజ. నల్లరేగడి. ఆఖరి కోత" అంటాడు.
రైతు కాదనడు.
రంగు ఊసు మాత్రం ఎప్పుడూ ఎత్తడాయన.
అది నాకు చాలా తర్వాత తట్టింది.

ధర పెరిగితే గడి ఆకుపచ్చ, తగ్గితే ఎరుపు.
మా ఆఫీసు కుర్రాళ్లు ముచ్చటపడి పెట్టిన రంగులు.
"అర్థమైందా సార్?"
"ఆఁ ఆఁ."
మర్నాడు పడిపోయిన లాటుని పెరిగిందని చదివాడు.
ఆ మర్నాడూ అంతే.
"మీరాకి వయసైపోయిందమ్మా, కంప్యూటర్ ఎక్కదు"
అన్నాడు యజమాని, ఆయన వింటుండగానే.

అక్షరాలు పెద్దవి చేశాను.
"బాగుంది గానీ, అది కాదు."
తెర నల్లగా మార్చాను.
షట్టర్ కింద నుంచి కొట్టే ఎండకి
అందులో అంకెలు పోయి నా మొహం కనిపించింది,
వెనక దొంతర్లుగా టిక్కీలు.
నల్ల తెర నాకు ఇష్టమే,
రాత్రి పక్కమంచం మీద చెల్లి నిద్ర చెడకుండా.
ఇక్కడ మధ్యాహ్నం పన్నెండు.
మళ్లీ తెలుపు చేశాను, కాంట్రాస్ట్ పెంచాను.
ఆయన ఓపిగ్గా చూస్తున్నాడు,
కళ్లజోళ్ల షాపులో పేదవాడిలా.

సెట్టింగుల్లో ఎవరూ తెరవని అర ఒకటుంది.
ఊరికే పైకి చదివాను:
ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారికి...
నాగుల్ మీరా గారు లేచి
షట్టర్ సగం దించాడు.
"మెల్లగా చదువు, సువార్తమ్మా."

చిన్నప్పుడు లాలాపేటలో వాళ్లమ్మ
చొక్కా అంచున దారం కట్టేదట,
ఎర్రదానికి ఒక ముడి, పచ్చదానికి రెండు.
ఆమె పోయాక
తెల్ల చొక్కాలే కుట్టించుకున్నాడు.
"మిర్చి యార్డులో ఎరుపు తెలియని గుమస్తానంటే
హమాలీలు కూడా నవ్వుతారమ్మా."
నేను నవ్వలేదు.
తుమ్మాను.

ఆ సాయంత్రమే మార్చాను: నీలం, నారింజ.
రంగులనే నమ్ముకోకుండా
పెరిగితే అంకె పక్కన ఒక చుక్క,
తగ్గితే రెండు.
అందరికీ ఇదే పెడదామంటే
"ఎంతమంది అడిగారు?" అన్నాడు మా మేనేజరు.
అడిగినవాళ్లని లెక్కేస్తే సున్నా.
సగం దించిన షట్టర్లు
ఎవరు లెక్కేశారు?

వారం తర్వాత వెళ్తే
యజమానికి ఆయనే చూపిస్తున్నాడు,
ఏ లాటు ఎక్కడ పడిందో, వేలు పెట్టి, గబగబా.
నన్ను చూసి పక్కకు పిలిచాడు.
"ఇంతకీ ఎరుపంటే ఎలా ఉంటుందమ్మా?"

ఏం చెప్పాలో వెతుక్కుంటుంటే
పక్క కొట్టులో కొత్త టిక్కీ కోసి కుమ్మరించారు.
నా గొంతు పట్టేసింది, కళ్ల వెంట నీళ్లు.
"ఇదే" అన్నాను దగ్గు మధ్యలో, "ఇదే సార్."

ఆయన నీళ్ల సీసా మూత తీసి ఇస్తూ
కాసేపు ఆలోచించి
"మరి పచ్చ?" అన్నాడు.