మొగ

ఓడలరేవు ఇసుకలో దొరికింది.
తోక దగ్గర నైలాన్ తాడు ఒరుసుకున్న గాటు,
నెత్తిన మూసుకుపోయిన ఒకే ఒక్క ముక్కు.
"పీల్చుకుంటాకి పైకొత్తంటే వల కిందకి లాగేసుంటాదండి"
అన్నాడు ఓలేటి పోతురాజు,
తన వల కాదన్నట్టు చేతులు వెనక్కి పెట్టుకుని.

మాకు కావలసింది జానెడు ఊపిరిగొట్టం.
ఫార్మలిన్ పోసిన సీసాలో ముంచి
అమలాపురం నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని
కాకినాడ తెచ్చాను.
పక్కనావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టి
"ఏం పచ్చడమ్మా?" అంది.

మైనంలో పాతి, కత్తికి ఆనించి చక్రం తిప్పితే
వెంట్రుకలో ఇరవయ్యో వంతు మందాన రేకులు
ఒకదాని తోక ఒకటి పట్టుకుని వస్తాయి.
గోరువెచ్చని నీళ్ళ మీద వేస్తే
ముడతలు వాటంతటవే విప్పుకుంటాయి.
ఆత్రేయపురంలో కుండ మీంచి పూతరేకు తీసే చేతికి తెలుసు,
ఇక్కడ ఊపిరి బిగబట్టాలని.

రంగు పోసి, కళ్ళద్దాలు నుదుటికి నెట్టి, చూశాను.
పైన ఒకే వైపు వాలిన శైలికలు,
పైరగాలి ఆగిపోయిన క్షణంలో చేను.
దాని కింద గ్రంథులు:
ముదురు మెజెంటా నిండిన గుండ్రటి గదులు,
గది అంచున నెలవంకలా నక్కిన నీటి కణాలు.
అది జిగురు చేస్తే ఇది పలచన చేస్తుంది.
గదుల నుంచి బోదెలు, బోదెల నుంచి కాలవ,
కాలవ మెలికలు తిరిగి, గొట్టం గోడకి ఉన్న చిన్న కంతలోకి.
గోదారి ఒకటిగా వచ్చి ధవళేశ్వరం దాటాక పాయలవుతుంది.
ఇది పాయలుగా పుట్టి ఒకే మొగలో కలుస్తోంది.
సముద్రం ఉండాల్సిన చోట గాలి.

"నీళ్ళలో బతికేదానికి లోపల తడెందుకు మేడం?"
కొత్త అటెండరు నూకరాజు అడిగాడు.
ఒక్క గుక్కలో మింగే గాలి, ఒక్క దెబ్బకి విసిరేసే గాలి,
లోపల ఎండిపోతే...
మధ్యలో ఆపేశాను.

అంబాజీపేటలో ఇరవై ఆరేళ్ళు పీచు దులిపింది అమ్మ.
సాయంత్రానికి కనురెప్పలు కూడా ఇటుక రంగు.
ఇప్పుడు మంచం కింద బూడిద పోసిన డబ్బా,
తెల్లారగట్ల దగ్గు,
గొంతులో కదిలీ రానిది.
ఎక్స్‌రేలో తెల్లటి నీడ చూపించి "డస్టమ్మా" అన్నారు.
ఎన్ని గదులు ఉబ్బాయో, ఏ బోదె పూడిందో
ఎవరూ రంగు వేసి చూడరు.
బతికున్నవాళ్ళని అంత పలచగా కొయ్యరు.

ఫోన్‌లో ఫోటో చూపించాను.
"ఇంత బాగుందేంటే, చీర గుడ్డా?"
"కళ్లె పుట్టే చోటమ్మా. డాల్ఫిన్‌ది."
నవ్వబోయి దగ్గింది. దగ్గి, డబ్బా అందుకుని,
ఆయాసం తగ్గేదాకా మంచం పట్టె పట్టుకుని,
"పైకొచ్చి ఒక్కసారి ఫుస్సుమని ఊదేత్తాదిగా.
అదృష్టవంతురాలు" అంది.

ఎలా చచ్చిపోయిందో నేను చెప్పలేదు.