రెండు నిమిషాలు

జువ్వలదిన్నె ఐసు ఫ్యాక్టరీలో
రాత్రి డ్యూటీ నాదీ, అంకోజీదీ.
అమోనియా మీటరుకి ఆనించిన సెల్లులో
ఏడనో చలికాలపు ఆటలు.

కాళ్ళకి కత్తులు కట్టుకుని
ఐసు మీద ఉరుకుతా ఉండారు మనుషులు.
నల్ల రబ్బరు బిళ్ళ ఒకటి, కంటికి ఆనదు,
తగిలితే మటుకు పళ్ళు రాల్తాయంట.

ఫిన్లాండోడు, పదిహేడో నంబరు.
వీపు మీది పేరు నాకు నోరు తిరగదు.
అందులో ఒక అక్షరం నెత్తిన రెండు చుక్కలు,
మెత్తళ్ళ కళ్ళ మాదిరి.
'చుక్కలోడు' అన్నాడు అంకోజీ.
మూడు రాత్రుల్నించి వాడు మావోడే.

మాకు ఐసంటే
ఉప్పునీళ్ళ తొట్లోంచి లేచే డబ్బా,
కొక్కెమేసి లాగితే చెక్క మీద సర్రున జారి
మోకాలి చిప్పని వెతుక్కుంటా వొచ్చే దిమ్మ.
వాళ్ళు దాని మీద నిలబడి బతుకుతారు!
మేం చేసింది పొద్దెక్కేసరికి
వంజరాల పొట్ట కింద నీళ్ళయి పోద్ది.

ఆఖరాటలో
చుక్కలోడు ఎవడి కాలికో కర్ర అడ్డం పెట్టాడు.
ఈల.
అద్దాల గదిలో కూచోబెట్టారు, రెండు నిమిషాలు.
లోపల వాడూ, ఒక నీళ్ళ సీసా.
బయట మనోళ్ళు నలుగురు, అవతల ఐదుగురు.
నిమిషం గూడా కాలా, గోలు పడింది.
పడిందంటే శిక్ష తీరినట్టేనంట.
తలుపు తీశారు.

నాకు తెలుసు ఆ గది.
పోయినేడు నేను వాల్వు బిగించడం మరిచి
గ్యాసు కొట్టి చెంచురత్నం కళ్ళు వాచినాక
గేటు బయట తూకం బల్ల మీద
పదకొండు రోజులు కూచున్నా.
పన్నెండో రోజు పిలిచారు.
తప్పు మన్నించి గాదు,
నా బదులు దిగినోడు దిమ్మ కింద
వేళ్ళు నలగ్గొట్టుకున్నాడని.
ఆ పొద్దు గేట్లోంచి ఎట్ట లోపలికి పొయ్యానో
ఇప్పుడు సెల్లులో చూశా.

"గెలుస్తారంటావా?" అన్నాడు అంకోజీ.
రేవులో పడవ హారను.
సెల్లు జేబులో వేసి కొక్కెం అందుకున్నా.

మొదటి దిమ్మ పొగలు కక్కతా నిలబడింది.
ఎందుకో దాని మీద
వేలితో రెండు చుక్కలు పెట్టా.
పడవలోకి దించేలోపల
ఒకటి కారిపొయ్యింది.