పేరుపలక

ముప్పయ్యొక్క ఏళ్లలో
పిళ్ళప్ప పేరు ఐదుసార్లు రాశాను.
బళేపేటలో నా కొట్టు.
నల్ల చెక్క, తెల్ల అక్షరం,
పైన కన్నడం, కింద ఇంగ్లీషు.
మా ఇద్దరి తెలుగు పలక వెనకాల.

మొదట చిన్న నీటిపారుదల.
"లావుగా ఎయ్యి అక్షరాలు,
మా ముళబాగిలు దాకా కనపడాల" అన్నాడు,
పెయింటు డబ్బా మీదే కూర్చుని.
తర్వాత పశువులు. ఆ తర్వాత చేపలు.
బెంగళూరులో సముద్రమేదన్నా అంటే
"హలసూరు చెరువుంది గదప్పా!"
కొట్టంతా నవ్వు.

నాలుగోది రెవెన్యూ.
మనిషిని పంపాడు, తను రాలేదు.
అడిగినదానికన్నా ఎక్కువే ముట్టింది.
ఆ పలక గురించి ఇంకేమీ చెప్పను.

ఐదోది తడి ఆరకముందే
ప్రభుత్వం పడిపోయింది.
విధానసౌధ నుంచి జవాను ఎవరో
ఆ రోజు పేపర్లోనే చుట్టి వెనక్కి తెచ్చాడు.
విప్పితే, పిళ్ళప్ప పేరు మీద
వార్త తిరగబడి అంటుకుని ఉంది.
కిరసనాయిలుతో తుడిచాను. పూర్తిగా పోలేదు.

నిన్న ఆటోలో వచ్చాడు, ఒక్కడే.
ఇంటి గేటుకట.
"మాజీ" అని వెయ్యనా అన్నాను.
చాలాసేపు రోడ్డు చూశాడు.
"ఉత్త పేరు చాలు. తెలుగులో రాయి."

చదివింది ఇద్దరమూ కన్నడ బడిలోనే.
సుద్దముక్కతో గీసి చూపించాను:
రెండూ ఒకటేలా ఉంటాయన్నా,
తలకట్టు దగ్గరే తేడా.

చెయ్యెత్తి
బోడి తల తడుముకున్నాడు.
అడ్వాన్సు నేనడగలేదు.