ముప్పై ఏడో సొరుగు

లొంగ్‌షీ మందుల కొట్లో పనికి కుదిరిన చలికాలం
జింగ్ గురువుగారు నాకు ఏ మందూ చూపించలేదు.
ఒక వెదురు చాట, ఒక చెంబు చూపించారు.

పొద్దున ఒకసారి, మాపున ఒకసారి
నానిన బార్లీ మీద నీళ్లు చిలకరించాలి.
పొయ్యి వెనక, గోనెపట్టా కింద, చీకట్లో
నాలుగో రోజుకి గింజ నోరు విచ్చి
తెల్లటి ముక్కు బయటపెడుతుంది.
"గోటి చివరి తెలుపంత రాగానే ఎండేసెయ్.
ముచ్చటపడి ఇంకా పెరగనిచ్చావో
అది మందు కాదు, గడ్డి"
అనేవారు, ఉన్న రెండు పళ్ల మధ్య పుల్ల తిప్పుకుంటూ.

ఎండినదాంట్లో కొంత పచ్చిగా ఉంచేవాళ్లం.
కొంత ఇనప మూకుట్లో దోరగా వేయించేవాళ్లం.
మిగతాది మాడ్చడమే,
కళ్లు మండి నేను తలుపు దగ్గరికి పరిగెత్తేదాకా.
మూడూ ముప్పై ఏడో సొరుగులోనే, మూడు అరల్లో.

పెళ్లి భోజనాలు జరిగిన మర్నాడు ఆ సొరుగుకి తీరికుండేది కాదు.
పందెం కాసి పదకొండు ఆవిరి రొట్టెలు మింగిన లారీ డ్రైవరు
గుమ్మం పట్టుకుని నిలబడేవాడు.
గోధుమ పెట్టిన తగువు బార్లీ వచ్చి తీర్చాలి.
మాడ్చిన మొలక మూడు చియెన్‌లు.
నాకు దాన్ని చూస్తే నవ్వొచ్చేది.
తిండిపోతుల మందు.

కొత్త సంవత్సరం వెళ్లిన పన్నెండో రోజు
నీలం కోటు వేసుకుని ఒకామె వచ్చింది.
చీటీ మీద పేరు చాయ్ సూమెయ్.
కింద ఒక్కటే వరస:
వేయించిన బార్లీ మొలక, పొట్లానికి రెండు లియాంగ్‌లు, మూడు పొట్లాలు.

"ఇంత మోతాదా అక్కా!
పండక్కి ఏం తిన్నావేంటి?" అన్నాను.

బల్ల కింద గురువుగారి చెప్పు నా కాలి మీద పడింది.

అప్పుడే వీధిలో ఎవరి పిల్లో గుక్కపట్టింది.
ఆమె రెండు మోచేతులూ గబుక్కున రొమ్ముకి అదుముకుంది.
ఆలస్యమైపోయింది.
కోటు మీద రెండు చోట్ల తడి,
పాత తడి అంచులు చలికి బిరుసెక్కి ఉన్నాయి.

"గురువారం రైలు" అంది,
నాతో కాదు, తక్కెడతో.
"డోంగ్‌గ్వాన్. చార్జర్ల ఫ్యాక్టరీ. పన్నెండు గంటలు నిలబడాలి.
పాపకి ఎనిమిదో నెల."

రాగి పళ్లెంలో మొలకలు పోశాను.
పోస్తుంటే ఒక్కో గింజకీ ఉన్న నూగు వేళ్లు
వేళ్లకి తగిలాయి.

రాత్రి కొట్టు కట్టేటప్పుడు అడిగాను:
తిండిని అరిగించేది పాలనెలా ఇంకిస్తుందని.
"నిలిచిపోయినదాన్ని కదిలించడం దాని పని" అన్నారు.
"కాస్త వేస్తే కడుపులో బరువుని దించుతుంది.
చాలా వేస్తే..."
గరిటెని మూకుడు అంచుకి కొట్టి దులిపారు.
తర్వాత ఆ మాట ముగించనేలేదు.

తొమ్మిది రోజులకి ఒక ముసలామె వచ్చింది.
వీపున పాప, పాప చుట్టూ నీలం కోటు.
ఉతికినా పోని రెండు తెల్లటి మరకలు.
"కొర్ర జావ పోస్తే పులిసిన తేన్పులు, రాత్రంతా ఏడుపు.
వాళ్లమ్మా? వెళ్లిపోయింది.
అక్కడ వెచ్చగా ఉంటుందట, కోటెందుకని వదిలేసింది."

పాప ఆ కోటు అంచుని చప్పరిస్తోంది.

నేను ముప్పై ఏడో సొరుగు లాగాను.
ఈసారి మాడ్చిన అర.
ఒక్క చియెన్.
తక్కెడ కోల లేచీ లేవనట్టు లేచింది.
గురువుగారు డబ్బుల పెట్టె వైపు చూడలేదు,
నేనూ మూత తెరవలేదు.

ఆ వారం పొయ్యి వెనక చాట సంగతే మర్చిపోయాను.
గుర్తొచ్చి పట్టా ఎత్తేసరికి
చీకట్లో మొలకలు పాలిపోయి, వేలెడు పొడుగు సాగి
ఒకదాన్నొకటి చుట్టుకుని ఉన్నాయి.

గురువుగారు వంగి చూశారు.
తిడతారనుకున్నాను.
"గాడిదకి వెయ్" అన్నారు.