ఎండ టిక్కెట్టు

గుంతకల్లు స్టేషన్ రోడ్డులో
కుళ్ళాయప్ప సెలూన్‌లో
మూడు కుర్చీలూ విమానంవే.
పద్నాలుగు ఏ, బీ, సీ.
నీలం గుడ్డ వెలిసిపోయింది గానీ
బెల్టు బిళ్ళ ఇంకా టక్కుమని పడుతుంది.
క్రాపు చేసేటప్పుడు పిల్లోళ్ళు మెసిలితే
ఆయప్ప ఆ బెల్టే ఏస్తాడు.

మదరాసులో పాత ఇనుము దొడ్డి నుంచి
బామ్మర్ది హొన్నూరప్ప తెచ్చినాడు,
లారీలో, ఉప్పు మూటల మీద బోర్లా కట్టి.
పద్నాలుగు బీ సంచిలో ఒక జాబు దొరికింది.
రైల్వే బడి ఇంగ్లీషు సారు జోసెఫప్ప
చెంపల మీద నురగతోనే చదివి చెప్పినాడు.

సన్‌ఫించ్ అని కంపెనీ. బిలాతీలో
ఇద్దరు అన్నదమ్ములు పెట్టినారంట.
రెండు సెకండ్‌హ్యాండ్ విమానాలు,
తోక మీద పసుప్పచ్చ పిట్ట.
వానకు విసిగిన మిల్లు కూలోళ్ళని
ఎక్కించుకుని పోయి ఎండలో దించేది,
రెండు వారాలకు మళ్ళీ తెచ్చి వానలో దించేది.
అంతే యాపారం.

"ఎండకా?"
కత్తి గాలిలోనే నిలబడింది.
"ఎండకు దుడ్లిచ్చి టిక్కెట్టు కొంటారా సారూ?"
బెంచీ మీదోళ్ళు పడీ పడీ నవ్వినారు.
బయట రోడ్డు తారు
చెప్పుల్ని పట్టుకుని ఇడిసిపెట్టడం లేదు.
మూడేండ్లుగా సెనక్కాయ పూతకాడే మాడింది.
ఆ లెక్కన మనమెంత షావుకార్లమో!

సారు నవ్వలేదు. కాయితం తిప్పినాడు.
రాసింది విమానంలో కాఫీలిచ్చే పిల్ల, వాళ్ళమ్మకు.
మూడో ఎండాకాలం. రెండు నెలలుగా జీతాల్లేవు.
నూనె పోసేవాడు రొక్కం పెడితేనే పోస్తానన్నాడు.
పైలట్ టోపీ తీసి సీటు సీటుకూ తిప్పినాడు.
ఒక ముసలామె చేతి గాజు తీసి ఏసింది.
ఎగిరినాం. ఇదే ఆఖరుదని ఎవురికీ చెప్పలేదు,
చివరిదాకా చాక్లెట్లు పంచినా.
దిగినాక మిగతాది రాస్తా, అమ్మా.

మిగతాది లేదు.
ఆ విమానం ఎవరెవరి చేతులో మారి
మదరాసులో రెక్కలు ఊడదీయించుకుంది.

కుళ్ళాయప్ప ఏమీ అనలేదు.
ఆరిపోయిన నురగ మీద మళ్ళీ నీళ్ళు కొట్టినాడు.
ఆయప్పకూ మూడు నెలల బాడుగ బాకీ.
జాబు మడిచి
ఏ సంచిలోది ఆ సంచిలోనే పెట్టినాడు.

మాపటేల ఒక పిల్లోడు కుర్చీ ఎక్కి
బెల్టు పెట్టుకుని అడిగినాడు,
"యాడికి పోతాది ఇది?"

"వానకాడికి.
మెసలకుండా కూచో.
టిక్కెట్టు ఇరవై."