ఉప్పు ప్యాకెట్ మీద తేదీ

పై ఆఫీసు పంపిన అట్ట మీద
ఆపిల్ పండు, నాలుగు బాదం పలుకులు,
చెట్టులా నిలబడ్డ పచ్చటి పువ్వొకటి.
"ఇదేం పువ్వు సిస్టరూ,
కాలీఫ్లవర్‌కు తెగులు తగిలిందా?"
అంది ఉరుకుందమ్మ.
పత్తికొండ ఆసుపత్రి వరండా అంతా నవ్వింది.
నేనూ నవ్వి, అట్టను గోడవైపు తిప్పాను.

ఆ రోజు ఆమె బీపీ నూటడెబ్బై ఆరు.
టమోటా కోతకు పోవాల్సిన మనిషి
ఒక పూట కూలి వదులుకుని
మాత్రల కోసం వచ్చింది.

"ఉప్పు తగ్గించమ్మా" అన్నాను, అందరూ అనే మాటే.
"నేనెంత తింటా? చిటికెడు."
ఎవరి వేళ్ళ చిటికెడు?
కొడవలి పట్టి బండబారిన ఆ వేళ్ళ సందున
ఒక చెంచా దాక్కుంటుంది.

అందుకే ఇంకోలా అడిగాను:
"కిలో ప్యాకెట్ మీ ఇంట్లో ఎన్నాళ్ళొస్తాది?"
కణుపులు లెక్కపెట్టింది.
రెండు సంతలు దాటి ఇంకో రెండ్రోజులు.
"పదహారు దినాలు."
ఇంట్లో ఐదుగురు. నలభై రోజులు రావాలి.
వరండాలో నవ్వు ఆగింది.
మూలన ఖాజాబీ పెదాలు కదుపుతూ
తన లెక్క తను వేసుకుంటోంది.

"కూర చేసే పొద్దు యాడుంది సిస్టరూ?
నాలుక్కే ఆటో వాడు హారన్ కొడతాడు.
క్యారియర్లో సంగటి ముద్ద, ఊరగాయ ముక్క.
ఆ ముక్కే ముద్దను లోపలికి తోస్తాది.
దాన్నీ తీసెయ్యమంటే ఎట్లా?"

జవాబు నా దగ్గర లేదు. అట్ట మీదా లేదు.
తోచింది చెప్పాను:
సంగటిలో ఉప్పెయ్యకు, ఊరగాయలో ఉండనే ఉంది.
ముక్క తిను, ఊట ముట్టుకోకు.
రేటు పడినప్పుడు రోడ్డు పక్కన పారబోస్తారే,
ఆ టమోటాలు నాలుగు కొంగులో వేసుకొచ్చి
నిప్పుల మీద కాల్చి, ఉల్లిగడ్డ నలుపుకో.
చివరికి ఖాళీ మాత్రల డబ్బా మూతొకటి చేతిలో పెట్టి
"ఇదీ నీ కొలత" అన్నాను.

నెల తిరిగాక వచ్చి, గొంతు తగ్గించి అంది:
"దొంగతనం చేస్తాండా సిస్టరూ.
వారానికి అర మూత.
ఒక్కసారే తీస్తే మా ఈరన్న కంచం గోడకేస్తాడు.
మొన్న తింటా తింటా నా మొగం చూసి
'నీ చేతికేమైందే?' అన్నాడు.
'వయసైంది' అన్నా."

ఆ పచ్చ పువ్వు మీద ఇప్పుడు
ఖాళీ ఉప్పు ప్యాకెట్ అతికించాను.
విప్పిన దినం, అయిపోయిన దినం
ఆమె చెబితే నేను రాశాను.
ఇరవై రెండు.
పక్కన ఖాజాబీది, పంతొమ్మిది.
వచ్చే నెల ఉరుకుందమ్మది ఇరవై ఏడు.
బీపీ నూటయాభై దగ్గర మొండికేసింది.
మాత్ర మానొద్దని మళ్ళీ చెప్పాను.
నలభై ఇంకా దూరమే.

రాత్రి మా ఇంట్లో పుంటికూర పప్పు దించుతూ
రుచైనా చూడకుండా
నా చెయ్యి డబ్బాలోకి పోయింది.
ఈ ప్యాకెట్ ఎప్పుడు విప్పానో
ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.